నానమ్మ కొబ్బరినూనెకు పరీక్ష

మా చిన్నవాడికి రెండేళ్ళప్పుడు చలికాలం రాగానే మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక చర్మం ఎర్రబడి పొలుసులు లేచేది. రాత్రంతా గోక్కోవడమే. వాడికీ నిద్ర లేదు, మాకూ లేదు. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు సూట్‌కేసులోంచి కోనసీమ కొబ్బరినూనె సీసా తీసి, "ఆ మందులన్నీ ఎందుకమ్మా, ఇది రాయి చాలు" అన్నారు. డాక్టర్ని కదా, "ఇది నూనెతో పోయేది కాదత్తయ్యా" అన్నాను. ఇద్దరమూ తొందరపడ్డామని తరవాత తెలిసింది.

ఎగ్జిమాని గజ్జి అనో తామర అనో పొరబడి, పిల్లల్ని దూరంగా ఉంచేవాళ్ళున్నారు. ఇది అంటువ్యాధి కాదు. చర్మం పైపొర సరిగా కాపు కాయక, లోపలి తేమ బయటికి పోతుంది. హీటర్లతో పొడిబారిన గాలి దాన్ని ఇంకా పెంచుతుంది.

ఫిలిప్పీన్స్‌లో 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వర్జిన్ కొబ్బరినూనె, రెండోదానికి మినరల్ ఆయిల్, 8 వారాలు. ఎవరికి ఏది ఇచ్చారో డాక్టర్లకీ తెలియదు, తల్లిదండ్రులకీ తెలియదు. జబ్బు తీవ్రత కొబ్బరినూనె జట్టులో సగటున 68 శాతం, రెండో జట్టులో 38 శాతం తగ్గింది. అంతకుముందు 2008లో అక్కడే 52 మంది పెద్దవాళ్ళ మీద కొబ్బరినూనెనీ ఆలివ్ నూనెనీ పోల్చారు. ఎగ్జిమాని ముదరబెట్టే స్టాఫ్ బాక్టీరియా కొబ్బరినూనె జట్టులో మొదట 20 మంది చర్మం మీద ఉంటే, 4 వారాల తరవాత ఒక్కరి మీదే మిగిలింది.

అయితే చెట్టు నుంచి వచ్చిన ప్రతి నూనే మంచిదనుకోకూడదు. 2013లో ఇంగ్లండులో చేసిన పరీక్షలో ఆలివ్ నూనె ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని కూడా బలహీనపరిచింది. పైగా ఫిలిప్పీన్స్ పిల్లల జబ్బు మరీ ముదిరింది కాదు. అక్కడ కొబ్బరినూనెకు పోటీ మినరల్ ఆయిలే గాని, స్టిరాయిడ్ ఆయింట్‌మెంటు కాదు. కనుక డాక్టరిచ్చిన మందు మానేసి నూనె పట్టుకోవద్దు.

వాడదలచుకుంటే సువాసనలు కలపని నూనె తీసుకోండి. ముందు ముంజేతి మీద కొద్దిగా రాసి, రెండు మూడు రోజులు చూడండి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయించి, ఒళ్ళు మెత్తగా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే రాయండి. రసి కారినా, పసుపుపచ్చని చెక్కు కట్టినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకి చూపించండి.

మా ఇంట్లో రాజీ కుదిరింది. ఎర్రబడినప్పుడు ఆయింట్‌మెంటు నాది, రోజూ రాసే నూనె అత్తయ్యది. వాడు నిద్రపోయాడు. ఆవిడ మాత్రం, "నేను చెప్తే వినలేదు, ఫిలిప్పీన్స్ వాళ్ళు చెప్తే విన్నావు" అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు!