అద్దెయిండ్లలో అదృశ్యవిషము

కలకత్తా-చెన్నపట్టణముల రహదారియు, హైదరాబాదు-బందరు రహదారియు విజయవాడలో బెంజ్ సర్కిల్ వద్ద కలిసికొనుచున్నవి. ఆ కూడలిలో వాహనములు విడుచు పొగకు జనులు ముక్కు మూసికొని పోవుచుందురు. అది కంటికి గానవచ్చును గాన జాగ్రత్తపడుటకు వీలున్నది. కాని చుట్టుపట్లనున్న పటమట, లబ్బీపేట, మొగల్రాజపురముల అద్దెయిండ్లలో మూసిన తలుపుల వెనుక పుట్టగల వేరొక విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. దాని పేరు కార్బన్ మోనాక్సైడు.

బొగ్గుగాని, కిరసనాయిలుగాని, వంటగ్యాసుగాని చాలినంత ప్రాణవాయువు లేక మండినపుడు ఇది జనించును. మన నెత్తుటిలోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దీనిని ఇన్నూరురెట్లకు మించిన గట్టితనముతో పట్టుకొనును. అందుచే ఊపిరి ఆడుచున్నను దేహమునకు ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, కన్నులు తిరుగుట, వికారము కలుగును. పైత్యమనుకొని పరుండినవారు స్మృతి తప్పుదురు. వంటగ్యాసు కారినచో తెలియవలెనని దానికి దుర్వాసన చేర్చుదురు గాన, వాసన లేనిచో భయము లేదని మనవారి నమ్మకము. మండిన పిమ్మట పుట్టు విషమునకు ఆ వాసన యుండదు. కరోనానాడు ఇంటింట కొన్న ఆక్సీమీటరు సయితము ఈ విషముగల నెత్తురును మంచి నెత్తురుగానే చూపి మోసపుచ్చును.

2020 జనవరిలో నేపాళదేశమున దామన్ అను కొండయూరి విడిదిలో కేరళీయ యాత్రికులు ఎనిమిదిమంది, వారిలో నలుగురు పసివారు, ఒకే గదిలో గ్యాసుహీటరు వెలిగించుకొని, తలుపులు బిగించుకొని పరుండి ప్రాణములు గోల్పోయిరి. మంచు కురియని కృష్ణాతీరమున మనకేల ఈ భయమని కొందరనవచ్చును. మన యిండ్లలో చలిమంట లేకున్నను గ్యాసు గీజరు కలదు. నాలుగడుగుల స్నానపుగదిలో దానిని బిగించుదురు. దోమలు వచ్చునని కిటికీకి అట్టముక్క అడ్డము పెట్టుదురు. సంక్రాంతికి వచ్చిన బంధువులు ఒకరివెంట నొకరు తలంటి పోసికొనునపుడు గీజరు ఆగక మండును, గదిలోని ప్రాణవాయువు తరుగును, విషము పెరుగును. బాలింత గదిలో తలుపు మూసి కుంపటి యుంచుటయు, కరెంటు పోయినపుడు వసారాలోనో మెట్లక్రిందనో జనరేటరు నడుపుటయు ఇట్టి ప్రమాదములే. 2024 సెప్టెంబరున బుడమేరు పొంగి నగరమున పలు పేటలు చీకటిలో మునిగిన సంగతి పాఠకులు మరువలేదు. అట్టి దినములందే ఈ యంత్రములు ఇంటిలోనికి వచ్చును.

ఇందు బాధ్యత ఎవరిది? 2021లో కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు పంపిన నమూనా అద్దెచట్టము, వేరు ఒడంబడిక లేనిచో, గీజరు మరమ్మతును అద్దెకున్నవారిపైనను, కట్టడపు మరమ్మతును యజమానిపైనను పెట్టినది. వినుటకు న్యాయముగనే యున్నది. కాని గీజరు చెడక, చక్కగా మండుచున్నను, గాలి లేని గదిలో అది చంపగలదు. గోడకు గవాక్షము పెట్టుటకు అద్దెకున్నవానికి అధికారము లేదు. అధికారముగల యజమాని ఆ గదిలో స్నానము చేయడు. ఈ రెండింటి నడుమనే ప్రాణములు పోవుచున్నవి.

మనము పారద్రోలిన ఇంగ్లండు ఈ విషయమున మేలుకొన్నది. అచట అద్దెయింటిలోని తన గ్యాసు పరికరములను యజమాని యేటేట పరీక్ష చేయింపవలెను. 2022 అక్టోబరు 1 నుండి, వంటపొయ్యి తప్ప, ఇంధనము మండించు స్థిరపరికరమున్న ప్రతి నివాసపు గదిలోను ఈ విషమును పసిగట్టి మ్రోగు గంటను అమర్పవలెను. అచటికి చదువబోయిన మన బిడ్డలకు ఆ శాసనము అండగా నున్నది. ఇచట పటమటలో అద్దెకున్న వారి తోబుట్టువులకు అట్టి అండ వలదా? స్వరాజ్యము వచ్చినది పరుల చట్టములను పొగడుచు కూర్చుండుటకు కాదుగదా!

మా పాఠకులలో ఇండ్లు అద్దెకిచ్చువారు పెక్కురు. చట్టము వచ్చువరకు వేచియుండవలదని వారికి మనవి చేయుచున్నాము. గ్యాసు గీజరును గదివెలుపల గాలి యాడుచోట బిగించి, వేడినీటిని మాత్రము గొట్టముతో లోనికి తెప్పింపుడు. లేదా విద్యుత్తు గీజరు పెట్టింపుడు. మూయుటకు వీలులేని గవాక్షమును విడువుడు. గంట యొకటి కొని తగిలింపుడు. దాని వెల ఒక నెల అద్దెలో కొంతభాగము మాత్రమే. పురపాలకసంఘమువారు గృహనిర్మాణమునకు అనుమతి యిచ్చునపుడే స్నానపుగది గాలిని విచారింపవలెను.

స్నానమునకు పోయినవారు పిలిచిన పలుకనిచో ఆలసింపరాదు. తలుపు తెరచి, గ్యాసు కట్టి, వారిని వెంటనే ఆరుబయటికి చేర్చి, 108కి కబురంపవలెను. గీజరు మండుచుండెనని వైద్యునకు తప్పక చెప్పవలెను. ఆ మాట తెలిసిననే ఆయన వెంటనే తగిన ప్రాణవాయుచికిత్స సాగింపగలడు.