నిప్పుల మీద మాంసం గట్టిపడేదెందుకు? మెత్తగా కాల్చేదెలా?

ఆదివారం పొద్దున తెచ్చిన పొట్టేలి మాంసం పులుసు పెడితే మెత్తగా ఉడుకుతుంది. అదే మాంసాన్ని నిప్పుల మీద కాలిస్తే పైన మాడుతుంది, లోపల నమలలేం. ఎందుకు?

తొందరే కారణం. జీవాన్ని కోసిన కొన్ని గంటల్లో కండ బిగుసుకుంటుంది. ఆ బిగువు సడలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా తెల్లారి కోసిన మాంసాన్ని మధ్యాహ్నానికే వండేస్తాం. పులుసుకు అది చెల్లుతుంది. గంటకు పైగా ఉడికేసరికి కండను పట్టి ఉంచే కొలాజెన్ కరిగి జిగురవుతుంది. నిప్పుల మీద ముక్క ఉండేది పది నిమిషాలే. అంతలో కొలాజెన్ కరగదు సరికదా, 60 డిగ్రీలు దాటగానే ముడుచుకుని లోపలి రసాన్ని పిండేస్తుంది. విదేశాల్లో స్టేక్ కోసం పశువు వీపు కండను ఎంచుకుని, చల్లటి గదుల్లో వారాల తరబడి ఉంచేది అందుకే.

మనకు ఒక్క రాత్రి చాలు. తొడ ముక్కలకు బదులు వీపు చాప్స్ అడగండి, అంగుళం మందాన కొట్టించండి. ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు మొదట నీరు లాగుతుంది. కాసేపయ్యాక ఆ ఉప్పునీరే కండలోకి ఇంకుతుంది. పావుగంటకే కాలిస్తే ఆ నీరంతా పైనే ఉంటుంది, తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా కాలి కమ్మని వాసన రావాలంటే 140 దాకా వేడెక్కాలి. అందుకే కాల్చేముందు శుభ్రమైన గుడ్డతో తడి అద్దెయ్యాలి. కారం చివర్లో చల్లండి, ముందే పూస్తే మాడి చేదెక్కుతుంది.

మన దగ్గర పత్తి కట్టెకు కొదవలేదు గానీ, ఈ పనికి అది వద్దు. భగ్గున మండి బూడిదవుతుంది, నిప్పు మిగలదు. తుమ్మ బొగ్గులు రాజేసి, పైన తెల్లని బూడిద పూత కట్టేదాకా ఆగండి. అప్పుడు నిప్పులన్నీ ఒక పక్కకు తొయ్యండి. ముక్కను నిప్పుల మీద రెండు వైపులా రంగు తేలనిచ్చి, ఆ తర్వాత నిప్పులేని పక్కకు జరిపి మూత పెట్టండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లొద్దు, బూడిద ఎగిరి ముక్కకు అంటుతుంది. ముక్కనే పక్కకు లాగండి.

థర్మామీటరుతో చూస్తే ముక్క నడుమ 63 డిగ్రీలు రావాలి, దించి కనీసం మూడు నిమిషాలు ఆగాలి. లోపల ఎర్రగా ఉంటే గిట్టనివాళ్లు 70 దాకా పోనివ్వవచ్చు. కార్జం మాత్రం లోపలిదాకా పూర్తిగా కాలాల్సిందే.

వానొచ్చిందని కుంపటిని గదిలోకి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలుపులు మూసిన గదిలో ప్రాణం తీస్తుంది.