క్యాన్సర్ వైద్యానికి తోడు ఏది, బదులు ఏది?

మన సంఘానికి వచ్చే వైద్య సహాయ దరఖాస్తుల్లో క్యాన్సర్ రోగులవి తరచుగా కనిపిస్తున్నాయి. దాతలు డబ్బుతో పాటు తేనె సీసా, కలోంజీ నూనె, ఎవరో చెప్పిన చూర్ణం కూడా పంపుతున్నారు. ఆ ప్రేమను కాదనలేం. కానీ వాటిలో రోగికి మేలు చేసేవేవో, కీడు చేసేవేవో దాతలకు కూడా తెలియాలని మా ఉద్దేశం.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ జరుగుతుండగా వాంతులు, నీరసం, నొప్పి, దిగులు తగ్గడానికి పక్కన చేసేవి తోడు చికిత్సలు. ఆ వైద్యం మానేసి వీటినే నమ్ముకుంటే అది బదులు చికిత్స. వస్తువు ఒకటే కావచ్చు. అల్లం కషాయం కీమోతో పాటు తాగితే ఒక లెక్క, కీమో మానేసి తాగితే మరో లెక్క. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, క్యాన్సర్ ఇంకా ఒళ్లంతా పాకని దశలో బదులు చికిత్సను ఎంచుకున్న 281 మందికి మరణ ప్రమాదం మామూలు వైద్యం పొందినవారి కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. అదే ఏడాది వారి మరో అధ్యయనంలో, తోడు చికిత్సలు వాడినవారిలో కూడా ప్రమాదం రెట్టింపుగా కనబడింది. ఆరా తీస్తే, వీరిలో కీమోనో రేడియేషన్‌నో వద్దన్నవారు ఎక్కువగా ఉన్నారు. కీడు చేసింది ఆ వద్దనడమే.

మన దగ్గర వైద్యం మధ్యలో మానేయడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు, వాంతులు కూడా. మా బడిలో ఏడో తరగతి చదివే ఒక పిల్లవాడి తల్లి రొమ్ము క్యాన్సర్‌కు రెండు కీమోలు చేయించుకుని, మూడోదానికి వెళ్లనని కూర్చున్నారు. చూర్ణం అమ్మే ఒకాయన "కీమో మానేయండి, నాది వాడండి" అన్నాడట. మన మహిళా కార్యకర్తలు వెళ్లి మందుల సంచి విప్పి చూస్తే వాంతుల మాత్రలు అలాగే ఉన్నాయి. వాంతి వచ్చాకే వేసుకోవాలనుకుని ఆమె దాచుకున్నారు. నిజానికి వాటిని వాంతి రాకముందే, డాక్టరు రాసిన వేళకు వేసుకోవాలి. "ఆపా, ఈ ఒక్కసారి ఇలా వేసుకుని చూడండి" అని బతిమాలితే ఒప్పుకున్నారు. వాంతులు పూర్తిగా పోలేదు గానీ, మూడో రోజుకు అన్నం దిగింది. మిగతా కీమోలు కూడా చేయించుకున్నారు.

ఆ మాత్రలకు తోడుగా చేయదగినవి కొన్ని ఉన్నాయి. మణికట్టు లోపలి మడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైకి, తాళ్లలా తగిలే రెండు నరాల మధ్య బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కితే కొందరికి వికారం తగ్గుతుంది. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోటు కూడా ఇదే. కీమో వాంతులకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పరచిన నిపుణుల బృందం అంగీకరించింది. అయితే రక్తకణాలు తగ్గి ఉన్నప్పుడు సూదులు వద్దు, వేలితో నొక్కితే చాలు. పలచని అల్లం టీ కూడా కొందరికి హాయినిస్తుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగాలి.

నీరసం సంగతి వింతగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో "పడుకో, లేవకు" అంటారు. పడుకున్నకొద్దీ కండ బలం తగ్గి నీరసం పెరుగుతుంది. డాక్టరు సరేనంటే రోజూ కొద్దిసేపు నడక మేలు. బయటికి వెళ్లలేని ఆడవారు మిద్దె మీద నడిచినా చాలు. తేలికపాటి యోగాసనాలు, నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నిద్రకు, దిగులుకు కూడా పనికొస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునే మహిళలకు యోగా ఎలా ఉపకరిస్తుందో హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేంద్రం, బెంగళూరులోని వివేకానంద యోగ సంస్థ కలిసి అధ్యయనం చేశాయి.

గుట్కా, ఖైనీ మన ఇళ్లలో తెచ్చిపెట్టిన నోటి క్యాన్సర్లకు రేడియేషన్ ఇస్తే నోరంతా పూస్తుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంట సోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించాలి. ఈ పుండ్లకు తేనె ఉపకరిస్తుందని పరిశోధనలు ఉన్నాయి. షుగరు ఉన్నవారు, రక్తకణాలు తగ్గినవారు మాత్రం డాక్టరును అడిగాకే వాడాలి.

ఇక జాగ్రత్త పడవలసినవి. హిజామాలో చర్మాన్ని కోసి రక్తం తీస్తారు. కీమో వల్ల తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గినవారికి అది ఇన్‌ఫెక్షన్‌కు, ఆగని రక్తస్రావానికి దారితీయవచ్చు. వైద్యం పూర్తయ్యేదాకా వద్దు. కలోంజీ క్యాన్సర్‌ను నయం చేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. వంటలో పడే నాలుగు గింజలకు భయం లేదు, నూనె సీసాలు తాగించవద్దు. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. పంపరపనస కొన్ని క్యాన్సర్ మందుల మోతాదును ఒంట్లో పెంచేస్తుంది. గడ్డ ఉన్నచోట, ఎముకలకు పాకినచోట మర్దన చేయకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే కషాయాలతో కాలయాపన చేయకుండా అదే రోజు, రాత్రయినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రంజాన్‌లో కీమో పడితే ఉపవాసం ఉండి తీరతామనే పెద్దలున్నారు. రోగికి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే ఉంది. నీళ్లు తాగకపోతే మూత్రపిండాలకు ముప్పు కలిగించే కీమో మందులున్నాయని వారికి ఇమాం సాబ్ చేత చెప్పిస్తే త్వరగా వింటారు.

నొప్పి భరించలేనివారికి మార్ఫిన్ మాత్రలున్నాయి. హైదరాబాద్ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలో దీనికోసం ప్రత్యేక విభాగమే ఉంది. డాక్టరు పర్యవేక్షణలో నొప్పికి వాడే మార్ఫిన్‌ను మత్తు అలవాటుతో కలిపి చూసి భయపడనక్కరలేదు.

కాబట్టి దాతలకు మా మనవి. చూర్ణం డబ్బాకు బదులు ఒక డిజిటల్ థర్మామీటరు, వాంతుల మాత్రల ఖర్చు, ప్రతి కీమోకు రోగికీ తోడు వెళ్లేవారికీ బస్సు చార్జీలు ఇవ్వండి. పరామర్శకు వెళ్లినప్పుడు రోగి వాడుతున్న ప్రతి పొడి, నూనె, కషాయం పేరు ఒక కాగితం మీద రాయించి ఆస్పత్రి ఫైలులో పెట్టించండి. డాక్టరు కోప్పడతారని చాలామంది వీటిని దాస్తున్నారు.