మీకు తెలుసా? అరకు కొండల కాఫీ

విశాఖపట్టణమునుండి కిరండూలునకు పోవు రైలు, బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960వ దశకమున నిర్మింపబడిన మార్గమున, సొరంగము వెంబడి సొరంగము దాటుచు, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులోయకు ప్రయాణికుని కొన్ని గంటలలోనే చేర్చును. శీతకాలారంభమున వెళ్లినవారికి వలిసెపూల పసుపు కొండవాలులనిండ కానవచ్చును. అందఱును ఛాయాచిత్రములు తీసికొనునది దానినే.

అయినను, రెండు దినముల విడిది దొరకినవారు ఒక పూటయైనను కాఫీతోటలో గడపవలెనని నా మనవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీమొక్కలును, ఆ మ్రానులనే అల్లుకొని మిరియపుతీగలును ఒకే నేలయందు పెరుగుచుండును. ఒకే కొమ్మపై పచ్చికాయ, దోరకాయ, ఎఱ్ఱనిపండు కలసియుండుటచే, గిరిజన కర్షకులు పండినవానిని మాత్రమే చేతితో ఏరి, మిగిలినవానికై మఱల మఱల అదే మొక్కకడకు వత్తురు. పండును నొక్కినచో జిగురుతో కూడిన జంటగింజలు వ్రేళ్లసందున జాఱును. ఇంతటి ఓర్పుతో పండించిన అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక సూచిక లభించుట న్యాయమైన గౌరవము. పండ్లకోత విశేషముగా నవంబరునుండి జనవరివఱకు సాగును గనుక, ప్రయాణమును ఆ మాసములయందే పెట్టుకొనుట మేలు.