గుడ్డసంచియు గుప్పెడు పుణ్యమును

కాలిఫోర్నియా రాష్ట్రములో ఏ పట్టణమందైనను, ఆదివారము ప్రొద్దుట ఒక పెద్ద కిరాణా దుకాణమునకు పోయి, బిల్లు కట్టుచోట కొంతసేపు నిలిచి చూచినచో చిన్న వినోదము కంటబడును. కదలు నల్లని పట్టీమీద మొదట సేంద్రియమని ముద్ర వేసిన పాలకూర, దాని వెనుక సేంద్రియమైన టొమాటోలు, ముడిగోధుమ రొట్టె, పాలు వరుసగా వచ్చును. వాని వెనుక, కొంచెము జంకుచున్నట్లు, ఒక ఐస్‌క్రీము డబ్బా, ఒక బంగాళాదుంప చిప్సు పొట్లము, చాక్లెట్టు పూసిన బిస్కత్తులు వచ్చును. వీనినన్నింటిని కొన్న ఇల్లాలు మడత పెట్టి తెచ్చిన గుడ్డసంచులను తీసి, దులిపి, బల్లపై పరచును. పాలకూరకును ఐస్‌క్రీమునకును ఏమి బాంధవ్యమని చూచువారికి సందేహము కలుగవచ్చును. ఆ బాంధవ్యమును కలిపినది ఆ గుడ్డసంచియే యని ఇద్దరు పండితులు లెక్కలు వేసి చూపిరి.

హార్వర్డు వ్యాపార విద్యాలయమున నుండిన ఉమా కర్మార్కర్, డ్యూక్ విశ్వవిద్యాలయమున నుండిన బ్రయన్ బోలింజర్ అను వారు తమ పరిశోధనను 2015లో ‘జర్నల్ ఆఫ్ మార్కెటింగ్’ పత్రికయందు ప్రకటించిరి. కాలిఫోర్నియాలోని ఒక పెద్ద దుకాణ సంస్థకు చెందిన ఒకే శాఖలో, 2005 మే మొదలు 2007 మార్చి వరకు, సభ్యత్వపు కార్డులు గలవారు కొన్న సరుకుల చిట్టాలు వారికి ఆధారము. సంచి తెచ్చువారిని ఒక వైపునను తేనివారిని వేరొక వైపునను నిలిపి పోల్చి ఊరకున్నచో ఆ పరిశ్రమకు ఎక్కువ విలువ యుండెడిది కాదు; ఏలనన, ప్రతిసారి సంచి మరువక తెచ్చు మనుష్యుడు స్వభావముచేతనే ఆకుకూరలు తినువాడు కావచ్చును. అందుచే వారు ఒకే కొనుగోలుదారు సంచి తెచ్చిన దినమున ఏమి కొనెనో, తేని దినమున ఏమి కొనెనో పోల్చి చూచిరి. సంచి తెచ్చిన దినమున సేంద్రియ పదార్థములను కొనుట హెచ్చినది. ఇది ఎవ్వరైనను ముందుగా ఊహింపదగినదే. ఊహింపరానిది రెండవది: అదే దినమున ఐస్‌క్రీము, చిప్సు, మిఠాయి, బిస్కత్తులు మొదలైన జిహ్వాచాపల్య ద్రవ్యముల కొనుగోలును హెచ్చినది.

చిట్టాలు జరిగినదానిని చెప్పునేగాని ఎందుకు జరిగినదో చెప్పవు. కాబట్టి వారు ప్రయోగములకు పూనుకొని, కొందరికి దుకాణపు పటము నొకదానిని చూపి, సొంత సంచితో వచ్చినట్లు కొందరిని, వట్టి చేతులతో వచ్చినట్లు కొందరిని భావించుకొనుమని చెప్పి, ఏమేమి కొందురో వ్రాయుమనిరి. ఊహలోని సంచికూడ నిజమైన సంచివలెనే పనిచేసినది! ఈ ఫలితములలో రెండు మినహాయింపులు మాత్రము నాకు మిక్కిలి విలువగలవిగా తోచుచున్నవి. ఇంట చిన్నబిడ్డలున్న వారియందు ఈ తాయిలముల మోజు అంతగా కనబడలేదు. రెండవది, సంచి తెచ్చుట దుకాణమువారి నిర్బంధమని చెప్పినప్పుడు ఆ చాపల్యము నశించెను. అనగా ఐస్‌క్రీమును కొనిపించినది సంచియొక్క గుడ్డ గాదు. ఎవ్వరును అడుగకుండ తానై తెచ్చితిననెడి తృప్తి.

ఇది అమెరికనుల మనస్సునకు మాత్రమే పట్టిన వింత కాదు. ఏకాదశినాడు ఉపవాసమని అన్నము మానిన మన పెద్దలు సాయంకాలము ఫలాహారమను పేర నేతిలో వేగిన జీడిపప్పు తేలియాడు గోధుమరవ్వ ఉప్మాను, అరటిపండ్లను, మీగడ కట్టిన పాలను ఎంత నిశ్చింతగా ఆరగింతురో చూచినవారికి ఆ దుకాణపు పట్టీ మీది వరుస కొత్తగా తోచదు. చేసిన మంచిపని తరువాతి భోగమునకు అనుమతిపత్రమగుటను మనస్తత్వ శాస్త్రజ్ఞులు పలు రంగములలో గుర్తించియున్నారు. సంచి విషయమున విశేష మేమనగా, అనుమతి యిచ్చిన పుణ్యము మిక్కిలి స్వల్పము, చేసిన పనికి పట్టిన శ్రమ కారు వెనుకపెట్టె తెరచి మూసినంత మాత్రమే.

సంచికిని ఖర్చునకును గల సంబంధమును తొలుత కనిపెట్టినవారు పండితులు కారు, వర్తకులు. 1912 ప్రాంతమున మిన్నెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ నగరమున కిరాణా దుకాణము నడుపుచుండిన వాల్టర్ డ్యూబెనర్ అనునతడు, తన దుకాణమునకు వచ్చువారు డబ్బు చాలక గాక చేతులు చాలక కొనుట నిలుపుచున్నారని గ్రహించెను. కాగితపు సంచి చుట్టును అడుగునుండి త్రాడు నడిపి, ఆ త్రాటినే పిడులుగా పైకి తీసి, 75 పౌండ్ల, అనగా ఇంచుమించు 34 కిలోల, బరువు మోయగల సంచిని తయారుచేసి, దానిని 5 సెంట్లకు అమ్మెను. కొన్నవారు సంచికి వెల యిచ్చిరి. సంచి నిండునంత సరుకునకును వెల యిచ్చిరి. ఇంతకన్న చమత్కారమైన వ్యాపారము నేనెరుగను.

ఇరువదియైదేండ్లకు ఓక్లహోమా నగరమున సిల్వన్ గోల్డ్‌మన్ ఇదే సత్యమును మరియొక వైపునుండి చూచెను. ‘హంప్టీ డంప్టీ’ అను అతని దుకాణములలో జనులు తీగ బుట్టలను మోచేతికి తగిలించుకొని తిరుగుచు, బుట్ట బరువెక్కగనే నేరుగా బిల్లు బల్లకు పోవుచుండిరి. మడత కుర్చీ నొకదానిని చూచుచుండగా తోచిన ఆలోచనతో అతడు 1937లో దానికి చక్రములమర్చి, క్రింద నొక బుట్టను మీద నొక బుట్టను నిలుపగల తోపుడు బండిని చేయించెను. మొదట దాని నెవ్వరును ముట్టలేదు: పురుషులు తమ బాహుబలమున కది అవమానమనుకొనిరి, స్త్రీలు పసిబిడ్డల బండ్లు తోసి తోసి విసిగిపోతిమనిరి. అతడు వెనుదీయక, జీతమిచ్చి కొందరు స్త్రీ పురుషులను తెచ్చి, నిజమైన ఖాతాదారులవలె ఆ బండ్లు తోయుచు సరుకులు నింపుచు తిరుగుడని నియమించెను. కొద్ది కాలములోనే బండి లేని దుకాణము లేకపోయెను. నాటినుండి మనుష్యుని మోచేతి నొప్పి వానికి చేయుచుండిన హెచ్చరిక, ‘ఇక చాలు’ అను హెచ్చరిక, ఆగిపోయినది.

మన పాతకాలపు సంచికి ఆ హెచ్చరిక యుండెను. దానికి తోడు సరుకుల చీటీయు నుండెను. వీశెలు, మానికలు చెల్లుచుండిన దినములలో నెల మొదట ఇంటి కుర్రవాడు ఖాకీగుడ్డ సంచిని చేతబట్టి కొట్టుకు పోయి, “శెట్టిగారూ, కందిపప్పు రెండు మానికలు, బెల్లము అరవీశె, పసుపు, ఇంగువ అమ్మ వ్రాసి యిచ్చినది” అని చీటీని చాచుచుండెను. శెట్టిగారు ప్రతి సరుకును కొలిచియో త్రాసున తూచియో, పాత పత్రికా కాగితమును గరాటువలె చుట్టి పొట్లము గట్టి, పైనుండి వ్రేలాడు పురికొస ఉండనుండి దారము లాగి, నాలుగు చుట్లు త్రిప్పి పుటుక్కున తెంపి, “సంచి తెరువు నాయనా” అనుచుండిరి. కొనువానికిని సరుకునకును నడుమ బల్ల అడ్డము. చీటీలో లేని వస్తువు చేతికందదు. ఆ బల్లను తొలగించినవాడు 1916లో మెంఫిస్ నగరమున ‘పిగ్లీ విగ్లీ’ దుకాణమును తెరచి, ఎవరికి వలసినది వారే తీసికొనుడని పిలిచిన క్లారెన్స్ సాండర్స్. నేడు పర్యావరణ క్షేమమునకై చేతిసంచి మరల వచ్చినది గాని, దాని వెంట చీటీయు రాలేదు, బల్లయు రాలేదు, బరువున కలసిన మోచేయియు రాలేదు. కొనునంతసేపు సరుకు ఉండునది బండిలో. సంచి విచ్చుకొనునది అంతయు ముగిసిన పిమ్మట. పూర్వము పొదుపును కాపాడినది సంచియే యనుకొని, దానిని మాత్రము తెచ్చుకొన్నచో పొదుపు దానియంతట వచ్చునని యాశించువారు, గొడుగు పిడిని పట్టుకొని వానలోనికి పోవువారు.

సెంట్ల లెక్కలో మనుష్యుడు ఎంత జాగరూకుడో చూచినచో డాలర్ల లెక్కలో అతని యౌదార్యము మరింత వింతగా కనబడును. వాషింగ్టన్ నగర పరిసరములలో సొంత సంచి తెచ్చినవారికి 5 సెంట్లు బహుమానమిచ్చిన దుకాణములలో జనుల అలవాటు ఇంచుమించు కదలనే లేదనియు, తేనివారిపై అదే 5 సెంట్ల పన్ను వేసినచోట విసర్జనీయమైన సంచుల వాడుక బాగుగ తగ్గిపోయెననియు టాటియానా హోమొనాఫ్ అను పరిశోధకురాలు 2018లో ప్రకటించిన వ్యాసమున చూపెను. వచ్చు కాసు కన్న పోవు కాసు బరువు. ఆ 5 సెంట్లు దక్కించుకొనుటకు సంచి తెచ్చిన చేయియే 5 డాలర్ల ఐస్‌క్రీము డబ్బాను తడుముకొనకుండ తీయుచున్నది.

కాలిఫోర్నియాలో ఊరూర ప్లాస్టిక్ సంచులను నిషేధించిన పిదప సరుకుల పట్టికలోనికి కొత్త వస్తువొకటి చేరినది. ఇండ్లలో జనులు దుకాణపు ప్లాస్టిక్ సంచులను చెత్తబుట్టలలో పరచుకొనెడివారు. ఉచితమైనవి పోవుటచే చెత్తసంచులను కొననారంభించిరి. 2019లో రెబెకా టేలర్ అను పరిశోధకురాలు ప్రకటించిన గణనము ప్రకారము నిషేధమువలన 4 కోట్ల పౌండ్ల ప్లాస్టిక్ తగ్గినది గాని, చెత్తసంచుల కొనుగోలువలన 1 కోటి 20 లక్షల పౌండ్లు తిరిగి వచ్చినది. చిన్న చెత్తసంచుల అమ్మకము 120 శాతము పెరిగినది. నిషేధము వ్యర్థమని దీని తాత్పర్యము కాదు, మిగిలిన లాభము గణనీయమే. సంచియే కొనదగిన సరుకైన ముచ్చటయు నున్నది: 2024లో ‘ట్రేడర్ జోస్’ దుకాణములు 2.99 డాలర్లకు అమ్మిన చిన్న కాన్వాసు సంచులకై జనులు బారులు తీరిరి. అవే సంచులు తరువాత అంతర్జాలమున వందల డాలర్ల వెలతో అమ్మకమునకు కనబడినవి.

కాలిఫోర్నియాలో 2016 నవంబరులో ప్రజలే ఓటు వేసి సంచుల నిషేధ శాసనమును ఆమోదించిరి. దుకాణమున సంచి కావలయునన్నచో కనీసము 10 సెంట్లు చెల్లింపవలెను. కర్మార్కర్, బోలింజర్ చూచిన చిట్టాలు అంతకు పూర్వపువి, సంచి తెచ్చుట స్వచ్ఛందమై యుండిన కాలమునాటివి. నిర్బంధము చాపల్యమును చంపునని వారి ప్రయోగమే చెప్పుచున్నది గావున, శాసనము వచ్చిన పిదప ఆ పుణ్యపు మత్తు కొంత దిగియుండవలెనని నా యభిప్రాయము. అందరును చేయు పనికి గర్వము తక్కువ.

ఆ రాష్ట్రపు సన్నివేల్, ఫ్రీమాంట్ పట్టణములలోని మన తెలుగు కుటుంబములవారి కార్ల వెనుకపెట్టెలలో ఈ సంచులు ఒకదానిలో నొకటి దూరి కాపురముండును. వారి కిరాణాలో పెద్ద పద్దు సోనామసూరి బియ్యము. ఇరువది పౌండ్ల ఆ మూట తన సంచితో తానే వచ్చును, దానిని మోయుటలో పుణ్యమేమియు లేదు, నడుము నొప్పియే. కందిపప్పు, చింతపండు, గడ్డకట్టించిన మునగకాడలు వారపు వంట నిర్ణయించినవి. సంచి యున్నను లేకున్నను వాని లెక్క మారదు. భారతీయ దుకాణమున సంచి మహిమ కొంత తక్కువగా పనిచేయునని నేనూహించుట ఇందుచేతనే. అయితే ఆ దుకాణములవారును వర్తకులే గదా! బిల్లు బల్ల ప్రక్కనే మైసూరుపాకు పెట్టెలు, జంతికల పొట్లములు పేర్చి యుంచెదరు. బియ్యము, పప్పు, కూరలు సంచులకెక్కి కారు వెనుకకు పోవును. ఆ జంతికల పొట్లము మాత్రము ముందు సీటుననే కూర్చుండి, ఇల్లు చేరకముందే సగమగును.