‘కరగడం’, ‘గట్టిపడడం’: నూజివీడు మామిడితో పదార్థ పాఠం

వ్యాససంగ్రహం:
వాడుక తెలుగులో ఒకే క్రియ రెండు వేర్వేరు భౌతిక మార్పులను తెలుపుతుంది. ఈ తేడాను ప్రాథమిక తరగతుల పిల్లలకు నిర్వచనం కంటే కృత్యమే స్పష్టంగా చూపగలదు. నూజివీడు ప్రాంతపు మామిడి ఆధారంగా అటువంటి కృత్యాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: పదార్థం, కృత్యాధార బోధన, ద్రవీభవనం, ద్రావణం, మామిడి తాండ్ర.

1. ఉపోద్ఘాతం:
విద్యాహక్కు చట్టం, 2009లోని 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్చుకోవడాన్నీ, సాధ్యమైనంత వరకు మాతృభాషలో బోధననూ పేర్కొన్నది. పదార్థ పాఠంలో ఈ రెండింటి అవసరమూ కనిపిస్తుంది. వైశేషికులు కాలాన్నీ, ఆత్మనూ కూడా ద్రవ్యాలలో చేర్చారు. వాడుకలో ‘పదార్థం’ అనగానే తినేదే స్ఫురిస్తుంది. విజ్ఞానశాస్త్రంలో ద్రవ్యరాశి కలిగి, స్థలాన్ని ఆక్రమించేది పదార్థం. అందువల్ల నిర్వచనం కంఠస్థమైనా గాలి కూడా పదార్థమేనన్న నమ్మకం పిల్లలకు సులభంగా కలగదు. గ్లాసు అడుగున కాగితపు ఉండను గట్టిగా దూర్చి, బోర్లించి, బకెట్ నీటిలో నిటారుగా ముంచితే కాగితం తడవదు. లోపలి గాలి చోటును ఆక్రమించి ఉన్నదని అప్పుడు తెలుస్తుంది.

2. కరగడం:
మంచు ‘కరిగింది’ అంటారు. బెల్లమూ ‘కరిగింది’ అంటారు. మొదటిది ద్రవీభవనం, రెండవది ద్రావణం ఏర్పడడం. ఒక పొడి గ్లాసులో మంచుముక్కను, మరొక పొడి గ్లాసులో బెల్లం ముక్కను, మూడవ గ్లాసులో నీళ్లుపోసి మరో బెల్లం ముక్కను వేయించాలి. మంచుకు వెచ్చదనం చాలింది. బెల్లానికి నీరు కావలసి వచ్చింది. బెల్లపు నీటిని పళ్లెంలో పోసి ఎండబెడితే నీరు ఆవిరై, జిగటగా బెల్లం మిగులుతుంది. కనిపించకుండా పోయినది నశించలేదని పిల్లలు గ్రహిస్తారు.

3. గట్టిపడడం:
చిన్నరసం పండ్ల రసాన్ని రెండు భాగాలు చేసి తూకం వేయాలి. ఒకదానిని పళ్లెంలో పలుచగా పరచి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టాలి. రెండవదానిని మూత ఉన్న డబ్బాలో కొంత వెలితిగా పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించాలి. రెండూ గట్టిపడతాయి. అయితే తాండ్ర తూకం బాగా తగ్గుతుంది. డబ్బా పైతడి తుడిచి తూచితే గడ్డకట్టిన రసం తూకం మారదు. బయట ఉంచితే అది తిరిగి రసమవుతుంది, తాండ్ర కాదు. తాండ్రలో జరిగినది నీరు ఆవిరి కావడం. డబ్బాలో జరిగినది స్థితి మారడం. త్రాసు చూపిన ఈ తేడాను ‘గట్టిపడింది’ అనే మాట చెప్పదు.

4. బోధనా సూచనలు:
పండ్ల కాలంలో అధిక భాగం వేసవి సెలవులలోనే గడుస్తుంది. కావున బెల్లం, మంచు కృత్యాలను ఏప్రిల్‌లో ముగించి, తాండ్ర ఆరడాన్ని ఇంటివద్ద గమనించమనవచ్చు. జూన్‌లో బడి తెరిచాక చివరి పండ్లతో తూకం కృత్యం చేయించవచ్చు. పిల్లలు చూసినదానిని ముందుగా ‘ఆరింది’, ‘ఇగిరింది’, ‘కలిసిపోయింది’ వంటి తమ మాటలలో చెప్పాలి. పారిభాషిక పదం ఆ తరువాతనే రావాలి.

5. ముగింపు:
వాడుకమాట తప్పు కాదు. అది వంటింటి అవసరానికి సరిపోయింది. శాస్త్రానికి అంతకంటే సూక్ష్మమైన విభజన కావాలి. ఆ అవసరాన్ని తన చేతులతో తెలుసుకున్న విద్యార్థికి ‘ద్రవీభవనం’ వల్లెవేయవలసిన మాటగా కాక, తాను చూసిన మార్పుకు పేరుగా అందుతుంది.