పరలోకమున్నదా అని అడుగుట తప్పా?



తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధము. ఆ దినములలో విశాఖపట్టణము ఫిషింగ్ హార్బరున బోట్లన్నియు జెట్టీకి కట్టియుండును. వలలు బాగుచేసికొనుచు జనులకు కొంత తీరిక చిక్కును. అట్టి ఒక సాయంకాలము అచ్చట మేము నచికేతోపాఖ్యానము చెప్పితిమి. ముగింపున ఒక యువకుడు లేచి, "అయ్యగారూ, మా అన్న వేటకెళ్ళి మూడేళ్ళయిందండి, తిరిగి రాలేదు. కర్మ చేద్దామంటే మా అమ్మ ఒప్పుకోదు. అసలు ఆ లోకమంటూ ఉందా అండీ?" అని అడిగెను. చుట్టునున్న పెద్దలు, "తప్పు! సంధ్యవేళ అవేం మాటలు?" అని వానిని కూర్చుండబెట్టిరి.

వాని ప్రశ్నలో మాకు తప్పు కనబడలేదు. కఠోపనిషత్తునందు నచికేతుడు మూడవ వరముగా కోరినది దీని సమాధానమునే. యముడు బాలుని గద్దింపలేదు. దేవతలకును ఈ సందేహము కలిగినదని ఒప్పుకొనెను. అయోధ్యాకాండలో జాబాలి, శ్రాద్ధము పెట్టుట అన్నమును వృథా చేయుటయే యని శ్రీరామునితోనే వాదించెను. రాముడు ఖండించెను, వాల్మీకి ఆ వాదమును దాచలేదు. మాధవాచార్యులు సర్వదర్శన సంగ్రహమును చార్వాకమతముతోనే ఆరంభించిరి. ఈ విశాఖలోనే 1972లో జయగోపాల్ గారు భారత నాస్తిక సమాజమును స్థాపించిరి. వారి సిద్ధాంతము మాకు సమ్మతము కాదు. అయినను, లేదని వాదించువాడు ప్రశ్నను ప్రశ్నగా స్వీకరించినవాడే.

మన సంగతి వేరు. మనము లేదనము, ఉన్నదని తలపనైన తలపము. "ఎవరు చూసొచ్చారులెండి" అని నవ్వి ఊరకుందుము. తద్దినము నాడు భోక్తల విస్తరికంటె గడియారమునే ఎక్కువమారులు చూతుము. ముత్తాత పేరడిగిన పురోహితుని ముఖమే చూతుము. పరలోకము తోచకుండుటకు యముడు చెప్పిన కారణములు రెండు: ఏమరుపాటు, ధనమోహము. 2023 నవంబరు 19 రాత్రి ఈ హార్బరున అగ్నిప్రమాదములో సుమారు 40 బోట్లు దగ్ధమైనవి. ఏండ్ల కష్టార్జితము ఒక్క రాత్రిలో బూడిదయగుట చూచినపుడు ఎవరికైనను మనసు కలగును. పిదప? శ్మశాన వైరాగ్యమునకు ఆయువు తక్కువ. మేమును అందులకు మినహాయింపు కాము.

ఇక "ఎవరు చూసొచ్చారు" అను మాట. ప్రత్యక్షమొక్కటే ప్రమాణమనువాడు చార్వాకుడు. మనకు అనుమానమును, శబ్దమును గూడ ప్రమాణములు. సముద్రమున దూరమేగిన బోటు కనుమరుగగును. అది లేకుండ పోయినదని ఒడ్డుననున్న తల్లి అనుకొనదు. ఇది దృష్టాంతమే గాని నిరూపణము కాదు. కానరానిది లేదని తీర్పు చెప్పుటకు తొందరపడరాదనుటకు మాత్రము ఇది చాలును. ఆపైన మనకు వేదవాక్యమే ఆధారము.

ఆ యువకుని మరల పిలిచి మేమిట్లు చెప్పితిమి: "నాయనా, శాస్త్రము మీ అమ్మకు విరోధి కాదు. ఏడేండ్లు వార్త లేనివానిని మృతునిగా భావింపవచ్చునని నేటి చట్టము. ధర్మశాస్త్రము సాధారణముగా పండ్రెండేండ్లు నిరీక్షింపుమనును. ఆ గడువు దాటిన పిమ్మట, దేహము దొరకకున్నను, 360 మోదుగ కాడలతో ఆకృతి కల్పించి సంస్కరించు విధి గలదు. దేహము లేదని జీవుని విడువలేదు. నిశ్చయము లేనిదే తల్లి ఆశను త్రుంచలేదు. ఉత్తర లోకమున్నదని నమ్మినవారు గనుకనే ఋషులింత ఆలోచించిరి. మీ కులాచారమును మీ పెద్దలనడుగుము. అమ్మను మాత్రము తొందరపెట్టకుము."

ఆ తల్లి వెనుక వరుసలోనే కూర్చున్నదని మాకు తరువాత తెలిసినది.

భక్తులారా, మా మనవి ఒక్కటే. రాబోవు తద్దినము నాడు పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని మూడు తరముల పేర్లు చెప్పుడు. "వాళ్ళిప్పుడు ఎక్కడున్నారు?" అని బిడ్డ అడిగినచో, తప్పని నోరు మూయింపకుడు. తెలిసినంత చెప్పుడు, తెలియనిది పెద్దలనడిగి తెలిసికొనుడు. నచికేతునిలో మొదట ప్రవేశించినది శ్రద్ధయే. శ్రద్ధతో చేయునదే శ్రాద్ధము.

స్వస్తి.